ముందు కవరు కొన్న మనిషి

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో ఎవరో అరవై నాలుగో స్లైడు చూపిస్తున్నారు. నేను కళ్ళు తెరుచుకునే శ్రద్ధగా నిద్రపోతున్నాను. జేబులో ఫోను వణికింది. "మీరు ఆర్డరిచ్చిన వస్తువు వచ్చింది. శనివారం దాకా మీ కోసం పక్కన పెడతాం." పంపింది టెక్సస్ రాష్ట్రం ప్లేనోలో మా ఇంటికి నాలుగు సిగ్నళ్ళ అవతలున్న తుపాకుల దుకాణం.

నేను జన్మలో తుపాకీ కొన్నవాణ్ణి కాదు. చిన్నప్పుడు దీపావళికి రీలు తుపాకీ కొనిపెడితే, అది పేలుతుందేమోనన్న భయంతో పక్కింటివాళ్ళకి దానమిచ్చిన వీరవంశం మాది. ఆ కబురు నాకు కాదు. ఆయనకి. ఆయన పోయి అప్పటికి ముప్ఫై ఏడు రోజులు.

ఏ కొట్టుకెళ్ళినా, ఫోన్ నంబరు అడిగితే ఆయన నాది ఇచ్చేవాడు. "నాది ఇస్తే జన్మంతా మెసేజీలు పంపి చంపుతారు తమ్ముడూ" అనేవాడు. మరి నన్ను చంపచ్చా అంటే, "నువ్వు రాసుకునేవాడివి కదా. చదవడం అలవాటు ఉంటుంది" అనేవాడు. ఆ విధంగా పదకొండేళ్ళపాటు ఆయన కళ్ళజోడు తయారైనట్టూ, కారు టైర్లు మార్చే వేళయినట్టూ, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆర్నెల్లు దాటినట్టూ ముందు నాకే తెలిసేది. ఆయన పుట్టినరోజుకి ఐస్‌క్రీం కొట్టువాడు ఏటా నాకు శుభాకాంక్షలు చెప్పి ఒక కప్పు ఉచితం అనేవాడు. నేను వెళ్ళి రెండు తిని, ఒకటి ఉచితంగా తీసుకునేవాణ్ణి. మనిషి పోయాక ఏమేం మిగులుతాయో అందరూ చాలా చెప్పారు గానీ, టైర్ల కొట్టువాడి పలకరింపులు మిగులుతాయని ఒక్కరూ చెప్పలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, అందులో ఏదో అక్షరదోషం పట్టుకోవడానికి తలుపు తోసుకుని వస్తాడన్న ఆశ పుడుతుంది. ఈ మధ్య ఆ ఆశ నా ఒంటికి పడటం లేదు.

ఉద్యోగరీత్యా ఆయన టెస్టరు. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం పని. తొమ్మిదింటి నుంచి ఐదింటి దాకా కంప్యూటర్లో పట్టి, ఐదు తర్వాత మిగతా ప్రపంచంలో పట్టేవాడు. మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చినరోజు, బూట్లు విప్పీ విప్పకముందే కుర్చీ ఎక్కి గోడమీది పొగ అలారం నొక్కాడు. అది కిక్కురుమనలేదు. "ఫెయిల్" అని దిగి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. పప్పు తిని "కండిషనల్ పాస్" అన్నాడు. షరతేమిటన్నయ్యగారూ అని మా ఆవిడ అడిగింది. "రేపు పొద్దున దాకా కడుపులో ఏం జరగకపోతే."

ఆయన నోట మూడే తీర్పులు. ఫెయిల్. కండిషనల్ పాస్. మూడోది షరతుల్లేని పాస్. అలాంటిది ఉందని వినడమే గానీ, పుచ్చుకున్న మనిషిని ఉత్తర అమెరికా ఖండంలో ఎవరూ చూడలేదు. ఆయన భార్యని నేను వదినా అంటాను, ఆవిడ నన్ను మరిదిగారూ అని వెక్కిరిస్తుంది. ఆ వదిన సాంబారుకి టెక్సస్‌లో సగం తెలుగువాళ్ళు మొక్కుకుంటారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో దానికీ కండిషనలే.

రెండో గుణం కవర్లు. తొడుగు లేని వస్తువు ఆయన ఇంట్లో నిలవడానికి వీల్లేదు. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు. సోఫాకి దుప్పటి, ఆ దుప్పటి మాసిపోకుండా ఇంకో దుప్పటి. కొత్త కారు సీట్ల మీద కంపెనీవాడు తొడిగి పంపిన పాలిథిన్‌ని మూడేళ్ళు తీయనివ్వలేదు. మా ఊరి ఎండలో ఆ కారెక్కిన ప్రతివాడూ దిగేటప్పుడు తన చర్మంలో కొంత అక్కడ వదిలిపెట్టి వచ్చేవాడు. ఇక ఫోను కొనాలంటే ముందు కవరు కొనేవాడు, తర్వాత దానికి పట్టే ఫోను వెతికేవాడు. "కవరు దొరకని ఫోను కొని ఏం చేసుకుంటావోయ్?" అని ఎదురు ప్రశ్న. మూడు ఫోన్ల పాటు నేను జవాబు వెతికాను. దొరకలేదు.

ఇలాంటి మనిషి తుపాకీ కొనాలనుకున్నాడు.

మూడేళ్ళ కిందటి సంగతి. శనివారం సాయంత్రం ఇండియన్ గ్రోసరీ పార్కింగ్‌లో ఆయనా వదినా కారు వెనక బియ్యం బస్తా సర్దుతున్నారు. టోపీ ముక్కు దాకా లాక్కున్న మనిషి ఒకడు వచ్చి, తుపాకీ చూపించి, వదిన హ్యాండ్‌బ్యాగు ఇమ్మన్నాడు. ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. వాడు బ్యాగు లాక్కున్నాడు, వదిన మోకాళ్ళ మీద పడింది, వాడు పోయాడు. ఆయన లెక్క ప్రకారమే మొత్తం పదకొండు సెకన్లు.

అక్కడితో అయిపోయుంటే అది మా పార్టీల్లో పదేళ్ళు చెప్పుకునే కథ అయ్యేది. కానీ ఆ బ్యాగులో వదిన ఇన్‌హేలర్ ఉంది. ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఆస్తమా. భయానికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఆయన చేతులు ఎత్తే ఉన్నాయి. వాడు పోయినా దించలేదు. ఊపిరందక నేలమీద కూర్చున్న మనిషి ఆయన ప్యాంటు పట్టుకుని గుంజితేగాని, తనకి చేతులున్న సంగతి ఆయనకి గుర్తుకు రాలేదు. కొట్లోంచి ఎవరో పరిగెత్తుకొచ్చి అంబులెన్సుకి ఫోన్ చేశారు. ఆక్సిజన్ పెడుతుంటే వదిన మాస్కు పక్కకి లాగి ఒక్క మాట అంది.

"మీరు పక్కన ఉండి ఏం లాభమండీ?"

ఈ మాట చాలా రోజుల తర్వాత వదినే నాతో చెప్పింది. ఆయన ఎన్నడూ చెప్పలేదు.

నేను చూసింది మాత్రం ఇదీ: ఆ రోజు తర్వాత ఆయన చేతులు భుజాల ఎత్తు దాటలేదు. విమానాశ్రయంలో గాజుగదిలో నిలబడి చేతులెత్తమంటే, "ఎత్తను, కావలిస్తే తడుముకోండి" అని పక్కకి తప్పుకుని, అరగంటసేపు తడిమించుకునేవాడు. పెళ్ళి సంగీత్‌లో ఊరంతా చేతులెత్తి గంతులేస్తుంటే ఆయన జేబుల్లో చేతులు పెట్టుకుని మోకాళ్ళతో మాత్రం ఆడేవాడు. వంటింట్లో బల్బు పోతే, పొగ అలారాల మీదకి కోతిలా ఎగబాకిన మనిషి, నాకు ఫోన్ చేశాడు.

ఆ తర్వాతి వారం మొదలైంది మా తీర్థయాత్ర. ప్రతి శనివారం పది గంటలకి తుపాకుల దుకాణం. దాని యజమాని తెల్లగడ్డం పెద్దాయన. ఆ గడ్డంలో రెండు పిచ్చుకల జంటలు సుఖంగా కాపురం చేసుకోవచ్చు. చేతులు మాత్రం తోలు కోసీ కుట్టీ మోటుగా ఉండేవి. ఆయన ఇంగ్లీషులో అన్నవన్నీ నాకు వచ్చిన తెలుగులోకి దించుతున్నాను.

"దేనికి కావాలి సార్?"

"చొక్కా కింద దాచుకుని తిరగడానికి" అన్నాడు మావాడు. "నా దగ్గర ఉన్నట్టు నాకు తప్ప ఎవరికీ తెలియకూడదు."

"ముందు ఎప్పుడైనా పేల్చారా?"

"లేదు. రిటర్న్ పాలసీ ఏమిటి?"

గడ్డం పెద్దాయన నలభై ఏళ్ళుగా తుపాకులు అమ్ముతున్నాడట. ఆ ప్రశ్న ఆయన్ని గుండెల్లో కొట్టింది. అమ్మిన తుపాకీ వెనక్కి తీసుకోబోనని చెప్పాక మావాడు కుర్చీలో కూలబడ్డాడు. వెనక్కివ్వడానికి వీల్లేని వస్తువుని మనవాళ్ళు ఎలా కొంటారు? పెళ్ళి తప్ప అలాంటిది ఆయన జీవితంలో మరొకటి లేదు.

అప్పుడు తీశాడు ల్యాప్‌టాపు. పరీక్షల పట్టిక. కారు సీటుబెల్టు పెట్టుకుంటే గుచ్చుకుంటుందా. బూటు లేసు కట్టుకోవడానికి వంగితే కనిపిస్తుందా. పీటమీద బాసింపట్టు వేసుకుని వ్రతంలో రెండు గంటలు కూర్చోవచ్చా. ఆయన ఆ దుకాణం నేలమీద, పొట్ట మీద ఖాళీ తుపాకీ దోపుకుని, సత్యనారాయణ వ్రతం భంగిమలో కూర్చుంటే, పక్కన గేదంత బూట్లు తొడుక్కున్న ఒక టెక్సస్ ఆసామి టోపీ తీసి నిలబడ్డాడు. ఏదో ప్రార్థన అనుకున్నట్టున్నాడు.

చిన్న పిస్తోలు చేతిలో కప్పలా ఎగిరింది. ఫెయిల్. పెద్దది చొక్కా కింద సొరకాయలా కనిపించింది. ఫెయిల్. రివాల్వర్ మీట నొక్కడానికి ఆయన కీళ్ళనొప్పుల వేలికి బలం చాలలేదు. ఇంకోదాని పైభాగం వెనక్కి లాగడానికి మేమిద్దరం కలిసి, చెరో పక్కా పట్టుకుని, బావిలో బిందె తోడినట్టు తోడాం. ఫెయిల్. ఇంకోటి మరీ అందంగా ఉంది, వదిన అడిగి తీసుకుంటుందని ఫెయిల్. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఆయన బొజ్జ. ఏది దోపినా దాని కింద కనిపించకుండా పోయేది. దాచడంలో నూటికి నూరు మార్కులు, కానీ తీయాలంటే మంత్రసాని కావాలి. ఆర్నెల్లలో నలభై రెండు తుపాకులు ఫెయిలయ్యాయి. లైసెన్సు క్లాసులో మాత్రం ఆయన ఫస్టు. పరీక్ష పేపర్లో రెండు తప్పులు పట్టి వాళ్ళకే ఇచ్చి వచ్చాడు.

ఇవన్నీ నేను కథలుగా అల్లి, పార్టీల్లో చెప్పి, జనాన్ని నవ్వించి, వాళ్ళ ఇళ్ళల్లో పులిహోర తిన్నాను. ఒక్కటి మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఒకరోజు నన్ను వాళ్ళ గరాజ్‌కి పిలిచాడు. తుపాకీ కొనకముందే రిహార్సల్ కావాలన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన టీవీ రిమోటు. దాన్ని నడుముకి దోపుకున్నాడు.

"నువ్వు వాడివి" అన్నాడు నాతో. "అలాగే నువ్వే వదినవి."

"ఇద్దరూ నేనేనా?"

"బడ్జెట్ లేదు. కానీయ్."

నేను టోపీ పెట్టుకుని ఇటు నిలబడి "బ్యాగ్ ఇవ్వవే" అని గర్జించి, టోపీ తీసి అటు గెంతి, లంచ్ బ్యాగు గుండెలకి హత్తుకుని "అయ్యో ఏమండీ" అనడం. ఆయన చొక్కా పైకి లాగి, బొజ్జ తప్పించి, రిమోటు బయటికి తీసేలోపు నేను మూడుసార్లు "ఢాం" అన్నాను. "ఫెయిల్. మళ్ళీ." మళ్ళీ ఢాం. "ఫెయిల్. మళ్ళీ." పదోసారికి నాకు వదిన పాత్రలో జీవించాలనిపించి, లంచ్ బ్యాగు వదిలేసి మోకాళ్ళ మీద పడి, గుండె పట్టుకుని పిల్లికూతలు కూశాను. వెధవ వేషం. ఇంకా నవ్వుతాడేమోనని గట్టిగా కూశాను.

రిమోటు కిందపడింది. ఆయన నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తున్నాడు. "ఏదీ? ఎక్కడుంది? ఇన్‌హేలర్ ఎక్కడ పెట్టావ్? చెప్పవే, ఎక్కడ పెట్టావ్?"

"అన్నయ్యా, నేను. నేను" అన్నాను.

చేతులు వదిలేసి, గోడవారగా ఉన్న సోనామసూరి బస్తా మీద కూర్చున్నాడు. చాలాసేపు రిమోటుకి పట్టిన మట్టి తుడిచాడు. చివరికి తల ఎత్తకుండా, "పట్టికలో తప్పుంది తమ్ముడూ" అన్నాడు. నేను ఏమంటున్నాడో అడగలేదు. ఏదో జోక్ వేసి లేపుదామని చూశాను. నాకు చేతనైంది అదొక్కటే.

ఆ మరుసటి శనివారం ఒంటరిగా వెళ్ళి హోల్‌స్టర్ కొన్నాడు. అంటే తుపాకీ పెట్టుకుని నడుముకి తగిలించుకునే తోలు తొడుగు. దానితోపాటు తాళం వేసుకునే ఇనప్పెట్టె. తుపాకీ లేదు, దాని కవరు వచ్చింది, ఆ కవరుకి కవరు కూడా వచ్చింది. నేను మూడు రోజులు నవ్వాను. నాలుగో రోజు నుంచి ఆయన చొక్కా కింద కుడిపక్కన ఒక ఎత్తు కనిపించడం మొదలైంది. ఓహో, మొత్తానికి కొన్నాడన్నమాట అనుకున్నాను. అడిగితే "రూల్ ప్రకారం చెప్పకూడదు" అన్నాడు.

ప్లేనో తెలుగువాళ్ళలో ఆయన హోదా మారిపోయింది. పార్టీల్లో మూల సోఫా ఆయనకే వదిలేసేవారు. ఆయన తుమ్మడానికి జేబురుమాలు తీస్తే పదిమంది వంగేవారు. గుడి గుమ్మంలో ఆయుధాలు లోపలికి తేరాదని బోర్డు ఉంటుంది. మావాడు దాని కిందనుంచే దర్జాగా నడిచి వెళ్ళేవాడు. ఒకసారి గుడి కమిటీ సెక్రటరీ, కరీంనగర్ ఆయన, వెంట పరిగెత్తాడు.

"అన్నా, నీ దండం పెడ్త, దాన్ని కార్ల పెట్టి రా అన్నా."

"నేను ఏ రూలూ తప్పట్లేదండీ" అన్నాడు మావాడు శాంతంగా, ప్రసాదం పుచ్చుకుంటూ.

ఇక్కడే పుట్టిపెరిగిన మా స్నేహితుడి కూతురు ఒకసారి కళ్ళింత చేసుకుని అడిగేసింది. "అంకుల్, మీరు గన్ క్యారీ చేస్తున్నారు? ఫర్ రియల్?"

"క్యారీ చేస్తాను. ఏం క్యారీ చేస్తానో అడక్కూడదు. దాచుకోవడమంటే అదేనమ్మా."

రెండేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఆయనకి కడుపునొప్పి మొదలైంది. వదిన సాంబారుని అనుమానించాడు. అది కాదు, క్లోమంలో గడ్డ.

స్కాన్‌కి నేనే తీసుకెళ్ళాను. వదినని బయట కుర్చీలో కూర్చోబెట్టి, దుబాసీనని అబద్ధం చెప్పి, తలుపు దాకా వెళ్ళాను. ఆ బల్లమీద పడుకోబెట్టి, రెండు చేతులూ తలపైకి ఎత్తి ఉంచమంది అక్కడి అమ్మాయి. ఆయన ఎత్తలేదు. ఆ అమ్మాయి మళ్ళీ నెమ్మదిగా చెప్పింది. ఆయన నావైపు చూశాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆ చేతులు భుజాలు దాటి పైకి లేచాయి.

"ఈసారి వాడు ఏం అడుగుతున్నాడో కనుక్కో తమ్ముడూ" అన్నాడు.

తలుపు మూశారు. నేను జీవితమంతా నోరు పెట్టుకుని బతికిన మనిషిని. ఆ తలుపు మీద రాసిన హెచ్చరికలు పైనుంచి కిందకి చదువుతూ నిలబడ్డాను.

మందులు మొదట్లో పనిచేస్తున్నట్టే అనిపించింది. బొజ్జ కరిగిపోయింది. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు. "ఇప్పుడు దాచుకోవడానికి బోలెడు చోటు వచ్చింది, చూశావా?" అనేవాడు. ఆ రోజుల్లోనే ఒకసారి తుపాకుల దుకాణానికి తీసుకెళ్ళమన్నాడు. నాకు ఆఫీసు కాల్ ఉండి కార్లోనే కూర్చున్నాను. ఇరవై నిమిషాల తర్వాత, ప్యాంటు పైకి లాక్కుంటూ వచ్చాడు.

"మళ్ళీ ఏం కొన్నావు?"

"ఆర్డరిచ్చా. నీ నంబరే ఇచ్చా."

"ఏది?"

"టెస్టింగులో ఉందోయ్. పాసైతే చెబుతా."

చెప్పలేదు. వేసవి ముగియకముందే ఒక ఆదివారం పొద్దున, వదిన కాఫీ కలుపుతుండగా, మంచం మీద కూర్చుని బెల్టు పెట్టుకుంటూ పోయాడు.

కర్మకాండ అయిపోయి చుట్టాలు విమానాలెక్కాక వదిన నన్ను పిలిచింది. "మరిదిగారూ, బట్టలు పెట్టుకునే క్లోజెట్‌లో ఆ పెట్టె ఉంది. నేను ముట్టుకోను. మీరే ఎక్కడైనా ఇచ్చేసి రండి."

సరేనన్నాను. ఆవిడ ఇంకా ఏదో చెప్పాలన్నట్టు చీరకొంగు మడతలు పెడుతూ కూర్చుంది. అప్పుడే ఆ అంబులెన్సు మాట చెప్పింది.

"రెండేళ్ళు దానితో ఒకే గదిలో పడుకున్నానండీ. అది పేలుతుందేమోనని ఆయన పక్క మీద అటు తిరిగినా ఉలిక్కిపడేదాన్ని. కానీ వద్దని ఏ మొహం పెట్టుకుని అనను? నా వల్లే కదా ఇంట్లోకి వచ్చింది. ఆ మాట నేననకపోతే ఆయనకి అదెందుకు? వెనక్కి తీసుకుందామనే అనుకున్నాను మరిదిగారూ. రోజూ అనుకున్నాను. సాంబారు పోపు వేస్తూ, ఇవాళ చెప్పేద్దాం, మీరుంటే చాలండీ అని చెప్పేద్దాం అనుకునేదాన్ని. ఆయన వచ్చి, తిని, కండిషనల్ అనేవారు. ఒళ్ళు మండి మానేసేదాన్ని. ఇప్పుడు ఎవరికి చెప్పను? ఆయన అదే మాట మోసుకుని వెళ్ళిపోయారు."

నేను ఆ పెట్టె తీసుకెళ్ళలేదు. రేపు, ఎల్లుండి అని వాయిదా వేశాను. రీలు తుపాకీ వంశం కదా. అదిగో, అప్పుడు వచ్చింది మంగళవారం ఆ మెసేజి.

శనివారం పదింటికి దుకాణానికి వెళ్ళాను. మూడేళ్ళుగా పక్కన ఒకరు లేకుండా ఆ గుమ్మం ఎక్కలేదు. గడ్డం పెద్దాయన నా వెనక్కి చూశాడు. విషయం చెప్పాను. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఇంట్లో ఆయన తుపాకీ ఉంది. దాన్ని మీరే తీసుకోవాలి" అన్నాను. "ఇక ఇప్పుడు వచ్చిన తుపాకీ నాకు ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవేమో."

"ఏ తుపాకీ? నేను ఆయనకి ఎప్పుడూ తుపాకీ అమ్మలేదు."

అద్దాల బీరువా వైపు కాదు, కౌంటరు కింద సొరుగు వైపు వంగాడు. గుప్పెట్లో పట్టేంత తోలు తొడుగు ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. కొత్త తోలు వాసన. నాలుగు వైపులా చేతికుట్టు. బుల్లి బూటు ఆకారంలో ఉంది. దానిలో పట్టే తుపాకీ ఈ భూమ్మీద లేదు.

"ఆయన భార్య ఇన్‌హేలర్‌కి" అన్నాడు. "రెండేళ్ళుగా దాన్ని నా పెద్ద హోల్‌స్టర్‌లో గుడ్డముక్క చుట్టి పెట్టుకుని తిరుగుతున్నాడు. వంగితే జారిపోతోందని ఫిర్యాదు పట్టుకొచ్చాడు. నేను నలభై ఏళ్ళుగా తోలు కుడుతున్నాను, దీనికి తొడుగు అడిగినవాణ్ణి చూడలేదు. వెనక క్లిప్పు పెడతాను, మీ ఆవిడే తగిలించుకుంటుందన్నాను. వద్దన్నాడు. ఆమె దగ్గరున్నది ఎవడైనా లాక్కుపోవచ్చు, నా బెల్టుకే పెట్టు, మోసేవాణ్ణి నేను అన్నాడు."

డబ్బు తీసుకోలేదు. తొడుగు జేబులో పెట్టుకుని, కారెక్కి నేరుగా వదిన ఇంటికి వెళ్ళాను.

వదినతో ఏమీ చెప్పకుండా తాళంచెవి అడిగి, క్లోజెట్‌లో పెట్టె తెరిచాను. ఆవిడ గుమ్మం అవతల గోడకి నక్కి, చెవులు మూసుకుని నిలబడింది. "పేలదు వదినా, రండి" అన్నాను. రాలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

హోల్‌స్టర్‌లో, ఆవిడ పాత నేతచీర ముక్క చుట్టి, నీలం రంగు ఇన్‌హేలర్. అది కూడా చిన్న పిస్తోలు లాగే ఉంటుంది, ఎప్పుడూ గమనించలేదు. దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆయన పరీక్షల పట్టిక. నలభై రెండు వరసలు, నలభై రెండు తుపాకులు, అన్నిటికీ ఫెయిల్. కింద చేత్తో రాసిన నలభై మూడో వరస:

"పార్కింగు. వాడు వచ్చాడు. చేతులెత్తాను. బ్యాగు పోయింది. ఆమెకి ఆయాసం. చేయి దించాను. తీసి ఇచ్చాను. ఏడు సెకన్లు. కండిషనల్ పాస్."

పక్క గడిలో షరతు.

"నేను పక్కన ఉండాలి."

వదిన కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. "చూశారా మరిదిగారూ, దీనికీ కండిషనలే" అంది. నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో పిల్లికూతగా మారింది. హ్యాండ్‌బ్యాగు వంటింట్లో ఎక్కడో ఉంది. ఆవిడ పెట్టెలో చెయ్యి పెట్టి, చీరముక్క విప్పి, ఆయన ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు పీల్చి, ఊపిరి లోపల బిగబట్టి, కళ్ళు మూసుకుంది. నేను లెక్కపెట్టాను. ఏడు కూడా పట్టలేదు.

జేబులోంచి కొత్త తొడుగు తీసి ఆవిడ చేతిలో పెట్టి, గడ్డం పెద్దాయన చెప్పిందంతా చెప్పాను. అది ఆవిడ నడుముకి కాదు కదా. అందుకని క్లోజెట్‌లో కొక్కేనికి ఆయన బెల్టు, మేకుతో పొడిచిన బెజ్జాలున్నది, అలాగే వేలాడదీసి ఉంచింది. దానికి ఆ తొడుగు తగిలించి, అందులో ఇన్‌హేలర్ పెట్టింది. పైన ఆయన గళ్ళ చొక్కా కప్పింది. బయటికి ఏమీ కనిపించదు.

ఆవిడ బ్యాగులో ఒకటి ఉంది, కార్లో ఒకటి ఉంది, నాకు తెలుసు. అయినా ఇంట్లో ఎప్పుడు ఆయాసం వచ్చినా వదిన ఆ క్లోజెట్ దగ్గరికే వెళుతుంది. చొక్కా అంచు పైకెత్తి, తీసుకుంటుంది.